గోనె సంచి చుట్టూ ఒప్పందాల గొడవ: బంగ్లాదేశ్ జ్యూట్, సాఫ్టా, విజయనగరం మిల్లులు (కేస్ స్టడీ)

నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు ఏ జ్యూట్ మిల్లు గేటుకు తాళం పడినా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: బంగ్లాదేశ్ సరుకు చవగ్గా వచ్చి పడి మిల్లును ముంచేసింది. రెండోది: నార దొరకడం లేదు, దొరికినా ధర అందడం లేదు. రెండూ నిజమే కావచ్చు. అయితే మొదటి మాటకు మందు సరిహద్దు మూయడం, రెండో మాటకు మందు తెరవడం. ఒకే మిల్లు ఈ రెండు మందులూ ఒకేసారి అడుగుతుంటే ఢిల్లీలో వినేవాళ్లకు తోచినదే చేస్తారు. 2017 నుంచి జరిగింది దాదాపు అదే.

ఢాకా వైపు నుంచి ‘భారత్ ఒప్పందం ఉల్లంఘించింది’ అనే మాట, ఇటు నుంచి ‘వాళ్లే ముందు ఉల్లంఘించారు’ అనే మాట ఏళ్లుగా నడుస్తున్నాయి. ఆ మాటల కింద నిజానికి రెండు వేర్వేరు చర్యలున్నాయి. ఒకటి యాంటీ డంపింగ్ సుంకం, అంటే సొంత దేశపు ధరకంటే తక్కువకు మనకు పంపే సరుకు మీద వేసే అదనపు సుంకం. ఒప్పందమే దానికి చోటిచ్చింది. రెండోది 2025లో వచ్చిన రేవుల ఆంక్ష, అంటే సరుకు ఏ రేవు గుండా రావాలో కట్టడి చేయడం. చట్టం ముందు దాని కాళ్లు బలహీనం. రెంటినీ ఒక గాట కట్టి మాట్లాడటం వల్ల నష్టపోతున్నది ఎక్కువగా మన మిల్లులే. అందుకే ఈ కేసును విడదీసి చూడాలి.

కాగితం మీద ఏముంది

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే సాఫ్టా మీద 2004 జనవరిలో ఇస్లామాబాద్‌లో సంతకాలయ్యాయి. 2006 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. 2011 నవంబరులో భారత్ అతి తక్కువ అభివృద్ధి చెందిన సభ్య దేశాలకు సున్నిత జాబితాను (సుంకం రాయితీ వర్తించని వస్తువుల జాబితా) 480 వస్తువుల నుంచి 25కు కుదించింది. మిగిలినవి మద్యం, పొగాకు లాంటివే. ఆ రోజు నుంచి బంగ్లాదేశ్ గోనె సంచి, పురి (జ్యూట్ నూలు), పట్టా (గోనె గుడ్డ) మన దేశంలోకి మామూలు కస్టమ్స్ సుంకం లేకుండా వస్తున్నాయి. గొడవకు పునాది ఇక్కడే పడింది. అంతకుముందు సుంకం గోడగా నిలబడేది. గోడ తీసేశాక రెండు దేశాల మిల్లుల ఖర్చుల తేడా నేరుగా బయటపడింది. బంగ్లాదేశ్‌లో నాణ్యమైన తెల్ల, తోస రకాల జ్యూట్ పొలం పక్కనే పండుతుంది. పైగా అక్కడి ప్రభుత్వం జ్యూట్ ఎగుమతిదారులకు నగదు ప్రోత్సాహకం ఇస్తూ వచ్చింది. మన వైపు ఒకప్పుడు గోగు (జ్యూట్ లాంటి నార పంట) వేసిన చేలు మొక్కజొన్నకు, ఇతర పంటలకు మళ్లాయి. ఇక్కడి మిల్లులు నార కోసం బెంగాల్ వైపు, దాని అవతలకి చూడక తప్పని స్థితి వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. ‘వాళ్లు సబ్సిడీ ఇస్తున్నారు కాబట్టి యాంటీ డంపింగ్ వేశాం’ అంటారు. సబ్సిడీకి వాడే సాధనం కౌంటర్‌వెయిలింగ్ సుంకం, కస్టమ్స్ టారిఫ్ చట్టం సెక్షన్ 9. యాంటీ డంపింగ్ సెక్షన్ 9ఏ కింద వస్తుంది. సొంత దేశంలో అమ్మే ధరకంటే తక్కువకు ఎగుమతి చేస్తున్నారా అన్నదే దానికి లెక్క. ప్రభుత్వానికి ఇచ్చే వినతిపత్రంలో ఈ రెండూ కలిపేస్తే మొదటి పేజీలోనే ఎదుటి న్యాయవాదికి పట్టు దొరుకుతుంది.

యాంటీ డంపింగ్: ఎలా వేశారు, ఎక్కడ కారిపోయింది

దేశీయ మిల్లుల సంఘం దరఖాస్తు మీద 2015 అక్టోబరులో విచారణ మొదలైంది. ఏడాది తర్వాత తుది నిర్ధారణ వచ్చింది. 2017 జనవరి 5న బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జ్యూట్ పురి, హెస్సియన్ (పలచని రకం) పట్టా, గోనె సంచుల మీద టన్నుకు 6.30 డాలర్ల నుంచి 351.72 డాలర్ల వరకు సుంకం విధించారు. 2022 డిసెంబరు 30న దాన్ని మరో అయిదేళ్లు పొడిగించారు.

అంకెల మధ్య ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు జవాబు లెక్క కట్టే పద్ధతిలో ఉంది. విచారణకు సహకరించి, సొంత ఖాతాలు ఇచ్చిన ఉత్పత్తిదారుకు అతని లెక్క ప్రకారమే సుంకం పడుతుంది. రాని వాళ్లందరికీ కలిపి ఎక్కువ రేటు వేస్తారు. ప్రతి లెక్కలోనూ రెండు తేడాలు కడతారు. ఊహించిన అంకెలతో చూడండి. ఒక ఢాకా మిల్లు సొంత దేశంలో టన్ను పురిని ఫ్యాక్టరీ గేటు దగ్గర 1000 డాలర్లకు అమ్ముతుంది. మనకు పంపేది ఆ గేటు దగ్గర లెక్కకు 900 పడుతుంది. డంపింగ్ తేడా 100. ఇటు మన మిల్లు న్యాయమైన ధర 1060 అని తేలింది. బంగ్లాదేశ్ సరుకు మన రేవులో దిగేసరికి 990 అయింది. నష్టం తేడా 70. ఈ రెంటిలో తక్కువదే సుంకం, అంటే 70 డాలర్లు. దీన్నే ‘లెస్సర్ డ్యూటీ’ సూత్రం అంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ దీన్ని తప్పనిసరి చేయలేదు, మన దేశం తానే పాటిస్తోంది. అందుకే ‘డంపింగ్ 100 ఉంటే సుంకం 70 ఏమిటి’ అని యూనియన్ల సభల్లో అడిగే ప్రశ్నకు అధికారుల నిర్లక్ష్యం కారణం కాదు.

1060 అన్న ఆ న్యాయమైన ధర ఎక్కడి నుంచి వస్తుందో మిల్లు యాజమాన్యాలు తెలుసుకోవాలి. అది దేశీయ మిల్లుల సొంత ఖాతాల నుంచే వస్తుంది: నార, కరెంటు, కూలీ, తరుగు, పెట్టుబడి మీద ప్రతిఫలం. ప్రతిఫలాన్ని సాధారణంగా వినియోగించిన పెట్టుబడిపై 22 శాతంగా తీసుకుంటారు. సగం రోజులు మూతపడి ఉన్న మిల్లు తన అసలు ఖర్చు చూపిస్తే దాన్ని అలాగే ఒప్పుకోరు. నార, కరెంటు వాడకంలో, ఉత్పత్తి సామర్థ్యంలో ఆ మిల్లు అంతకుముందు సాధించిన మెరుగైన స్థాయిని లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి పాత ఏళ్ల రికార్డు సరిగ్గా లేని మిల్లుకు ఈ విచారణలో గొంతు ఉండదు. ఉత్తరాంధ్ర మిల్లులు పెద్ద సంఖ్యలో పాల్గొనకపోవడానికి ఇది ముఖ్య కారణమని నా అంచనా. యాజమాన్యాలు మారుతూ, లాకౌట్లు పడుతూ వచ్చిన చోట మూడు నాలుగేళ్ల వరుస ఖర్చు పత్రాలు దొరకడం కష్టం. దాని ఫలితంగా దేశీయ పరిశ్రమ లెక్క అంటే హుగ్లీ ఒడ్డు మిల్లుల లెక్కే అవుతోంది.

సుంకం పడ్డాక ఏం జరిగిందన్నది కేసులో అన్నిటికంటే విలువైన పాఠం. సుంకం సంచి మీద ఉంది, సంచి కుట్టే మందపు గుడ్డ మీద లేదు. సహజంగానే గుడ్డ వచ్చింది, ఇక్కడ కుట్టారు. ఈ తప్పించుకునే దారి మీద మళ్లీ విచారణ జరిగి, 2019 జూన్‌లో బంగ్లాదేశ్ గోనె గుడ్డ మీద కూడా టన్నుకు 125.21 డాలర్లు వేశారు. రెండేళ్లకు పైగా కాలం ఒక వస్తువు నిర్వచనం వల్ల పోయింది. దరఖాస్తులో ‘పరిశీలనలో ఉన్న వస్తువు’ అనే పేరా రాసేటప్పుడు కోడ్ నంబర్లు వరసగా పెట్టుకుని ఆలోచించాలి: 5303 ముడి నార, 5307 పురి, 5310 గుడ్డ, 5607 తాడు, 6305 10 సంచులు. ఏ మెట్టును వదిలేస్తే సరుకు ఆ మెట్టు దగ్గర సరిహద్దు దాటుతుంది. నీళ్లు పల్లానికి పోయినట్టే.

ఇది సాఫ్టా ఉల్లంఘనేనా?

కాదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. యాంటీ డంపింగ్ హక్కు ప్రపంచ వాణిజ్య సంస్థ మూల ఒప్పందమైన గ్యాట్ ఆరో అధికరణ నుంచి వచ్చింది. సాఫ్టా దాన్ని తీసేయలేదు. అయితే సాఫ్టా పదకొండో అధికరణ ఒక బాధ్యత పెట్టింది: అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశం మీద ఇలాంటి సుంకం వేసే ముందు వాళ్ల స్థితిని ప్రత్యేకంగా గమనించాలి, సంప్రదింపులకు అవకాశమివ్వాలి, ఎగుమతిదారులు ‘ఇంతకంటే తక్కువకు అమ్మం’ అని ధర హామీ ఇస్తే సానుకూలంగా చూడాలి. ఢాకా వాదనకు బలం ఉందంటే అది ఈ వాక్యాల దగ్గరే. ఉభయ దేశాల వాణిజ్య సమావేశాల్లో వాళ్లు ఈ సుంకం ఎత్తేయమని అడుగుతూనే వచ్చారు. అడగడం వేరు, కేసు వేయడం వేరు.

కేసు వేస్తే ఎలా ఉంటుందో వాళ్లకు తెలియంది కాదు. 2004 జనవరి 28న బంగ్లాదేశ్ భారత్ మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో డీఎస్306 నంబరు వివాదం నమోదు చేసింది. అదీ యాంటీ డంపింగే, లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద. ఆ సంస్థలో ఒక అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశం ఫిర్యాదుదారుగా వచ్చిన మొదటి కేసు అది. వాళ్ల ముఖ్య వాదనల్లో ఒకటి దిగుమతి పరిమాణం గురించి: ఒక దేశం నుంచి వచ్చేది మొత్తం దిగుమతుల్లో మూడు శాతం లోపు ఉంటే దాన్ని స్వల్పంగా చూడాలి, విచారణ ఆపాలి. విచారణ ప్యానెల్ దాకా వెళ్లకుండానే భారత్ 2005 జనవరి 4న ఆ సుంకం ఎత్తేసింది. 2006 ఫిబ్రవరిలో ఉభయులూ రాజీ పత్రం ఇచ్చారు. జ్యూట్ విషయంలో ఆ దారి పట్టకపోవడానికి పరిమాణమే పెద్ద కారణం. బ్యాటరీలు చిటికెడు, జ్యూట్ బుట్టెడు.

2025: రేవుల ఆంక్ష

ఇక్కడి నుంచి కథ మారింది. వరస ముఖ్యం, ఎందుకంటే రెండు వైపులా ‘ముందు వాళ్లే’ అంటున్నారు.

బంగ్లాదేశ్ సరుకు మన భూమార్గం మీదుగా మన రేవులు, విమానాశ్రయాల నుంచి మూడో దేశాలకు వెళ్లే సౌకర్యం 2020 జూన్‌లో ఇచ్చారు. 2025 ఏప్రిల్ 8న దాన్ని రద్దు చేశారు. అదే నెలలో బంగ్లాదేశ్ బెనాపోల్ సహా భూమార్గ రేవుల ద్వారా మన నూలు దిగుమతి ఆపింది. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులను కోల్‌కతా, నవా షెవా (ముంబయి పక్కన) రేవులకే పరిమితం చేశాం. జూన్ 27న జ్యూట్ వంతు వచ్చింది: ముడి నార, పురి, కొన్ని రకాల గుడ్డ ఏ భూమార్గం నుంచీ రాకూడదు, నవా షెవా నుంచి మాత్రమే రావాలి. ఆగస్టు 11న తాడు, సంచులు, మిగతా గుడ్డ కూడా అదే జాబితాలో చేరాయి. సెప్టెంబరులో బంగ్లాదేశ్ తన ముడి నార ఎగుమతికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది.

జూన్ 27 నోటిఫికేషన్‌ను విజయనగరం నుంచి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటితే కోల్‌కతా ఎనభై కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి రైలో లారీయో మనకు నేరుగా వస్తుంది. సముద్రం మీదుగానే రావాలంటే చిట్టగాంగ్ నుంచి విశాఖ అదే బంగాళాఖాతం ఒడ్డున ఉంది, నెల్లిమర్లకు రెండు గంటల లోపు దారి. నోటిఫికేషన్‌లో విశాఖ పేరు లేదు. సరుకు ద్వీపకల్పం మొత్తం చుట్టి ముంబయి పక్కన దిగి, మళ్లీ పద్నాలుగు వందల కిలోమీటర్ల దరిదాపు రోడ్డెక్కి రావాలి. జాబితాలో తయారు సరుకుతో పాటు ముడి నార కూడా ఉంది. మిల్లును కాపాడే చర్య మిల్లు తిండినే ఆపింది. ఈ ఒక్క విషయం మీద ఉత్తరాంధ్ర ప్రజాప్రతినిధులు గట్టిగా అడిగి ఉండాల్సింది. 5303ను (ముడి నార) జాబితా నుంచి తీయండి, లేదా విశాఖ రేవును చేర్చండి అన్నది రెండు లైన్ల కోరిక, ఏ ఒప్పందాన్నీ తాకదు.

చట్టం సంగతి. గ్యాట్ పదకొండో అధికరణ సుంకం కాని దిగుమతి ఆంక్షలను నిషేధిస్తుంది. సాఫ్టా ఏడో అధికరణ కూడా గ్యాట్ అనుమతించినవి తప్ప పరిమాణ ఆంక్షలు తొలగించాలంటుంది. ‘మేం ఆపలేదు, దారి మాత్రమే మార్చాం’ అన్న సమాధానానికి ముందే ఒక తీర్పు ఎదురుగా ఉంది. పనామా నుంచి వచ్చే బట్టలు, చెప్పులను కొలంబియా తన బొగోటా విమానాశ్రయం, బర్రంకియా రేవులకే పరిమితం చేస్తే, 2009లో డీఎస్366 ప్యానెల్ అది పదకొండో అధికరణకు విరుద్ధమని తేల్చింది. అప్పీలు లేకుండానే ఆ నివేదిక ఆమోదం పొందింది. రేవును పరిమితం చేయడమే పరిమాణాన్ని పరిమితం చేయడమని ఆ ప్యానెల్ అర్థం చేసుకుంది. మనకు మిగిలేది భద్రతా మినహాయింపు, గ్యాట్ ఇరవై ఒకటో అధికరణ. అది వాడాలంటే ఆ మాట అధికారికంగా అనాలి. 2019 ఫిబ్రవరిలో పుల్వామా తర్వాత పాకిస్థాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేసినప్పుడు ఆ వాదనకు స్పష్టమైన ఆధారం ఉంది. గోనె సంచికి అదే వాదన అంటే నిలబడటం కష్టం.

మరి బంగ్లాదేశ్ ఎందుకు కేసు వేయలేదు? సాఫ్టా దారిలో సంప్రదింపులు, తర్వాత నిపుణుల కమిటీ, ఆ పైన మంత్రుల మండలి ఉన్నాయి. సార్క్ శిఖరాగ్ర సభ 2014 కాఠ్మాండూ తర్వాత జరగనే లేదు, ఆ యంత్రం తుప్పు పట్టి ఉంది. జెనీవా దారిలో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో, ప్యానెల్ దగ్గర గెలిచినా, 2019 డిసెంబరు నుంచి అప్పీలు ధర్మాసనంలో విచారణకు సరిపడా సభ్యులు లేరు. ఓడిన దేశం అప్పీలు చేస్తే తీర్పు అక్కడే ఆగిపోతుంది. ఒకవేళ అన్నీ సాగినా పరిహారం వ్యాపారికి రాదు, తీర్పు ఆ రోజు నుంచి ముందుకే పనిచేస్తుంది. ‘ఒప్పందం ఉల్లంఘన’ అని అరిచే ప్రతి ప్రకటన పక్కనా ఈ మూడు వాక్యాలు రాసుకుంటే ఆ ప్రకటన ఎందుకు ప్రకటనగానే మిగిలిపోతుందో తెలుస్తుంది.

మిల్లు లోపల ఈ లెక్క ఎలా పడుతుంది

1987 చట్టం కింద ఆహార ధాన్యాలకు నూరు శాతం, చక్కెరకు ఇరవై శాతం జ్యూట్ ప్యాకింగ్ తప్పనిసరి. ధాన్యం కొనుగోలుకు వాడే 580 గ్రాముల బీ ట్విల్ సంచి ధరను జ్యూట్ కమిషనర్ నిర్ణయిస్తారు. అందులో ముడి నార ధర ప్రధాన భాగం. ఈ మార్కెట్లోకి బంగ్లాదేశ్ సంచి నేరుగా రావడానికి చోటు తక్కువ. పోటీ నిజంగా తగిలేది పురి, హెస్సియన్, ప్రైవేటు గోనెల దగ్గర. అందుకే మీ మిల్లు నెలకు ఎన్ని బేళ్లు ప్రభుత్వానికి, ఎన్ని టన్నుల పురి బయటకు అమ్ముతోందన్నది ముందు చూసుకోవాలి. ప్రభుత్వ సంచుల మీదే నడిచే మిల్లుకు యాంటీ డంపింగ్ సుంకం పెరిగినా ఒరిగేది తక్కువ, నార ధర పెరిగితే మాత్రం ప్రాణాంతకం. క్వింటాలుకు వెయ్యి రూపాయలు పెరిగితే కిలోకు పది. 580 గ్రాముల సంచికి వృథా కలుపుకుంటే ఆరు రూపాయల పైమాటే. అయిదు వందల సంచుల బేలుకు మూడు వేలు. ప్రభుత్వ ధర ఆ పెరుగుదలను అందుకునేలోగా తేడా మిల్లు జేబులోంచి పోతుంది, తర్వాత కూలీల బకాయిగా మారుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 2021 సెప్టెంబరు 30న ముడి నారకు క్వింటాలుకు రూ.6500 గరిష్ఠ ధర పెట్టారు. ఆ ధరకు సరుకు బయటికి రాలేదు, మిల్లులు ఆగాయి, బెంగాల్‌లో అది రాజకీయ గొడవైంది. 2022 మే 20 నుంచి ఎత్తేశారు. 2025-26కు మద్దతు ధర రూ.5650. ఆంక్షలు వచ్చిన ఏడాది మార్కెట్ ధర దానికి చాలా పైన నడిచింది. రైతుకు అది మేలు చేసి ఉండాలి, కానీ గోగు వేసే రైతు మన దగ్గర ఎంతమంది మిగిలారు? నార ఊరబెట్టడానికి చెరువులో నీళ్లు, పీచు ఒలవడానికి మనుషులు, కొనుగోలు కేంద్రం, ఈ మూడూ కుదిరితేనే పంట తిరిగి వస్తుంది. సరిహద్దు మూసినంత మాత్రాన పార్వతీపురం చేలో గోగు మొలవదు.

ఇప్పుడు చేయాల్సిన పని

తేదీలు రెండు దగ్గరపడుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2021 తీర్మానం ప్రకారం బంగ్లాదేశ్ అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బయటపడే తేదీ 2026 నవంబరు 24. సుంకం లేని ప్రవేశానికి, సాఫ్టా పదకొండో అధికరణ రక్షణకు ఆ హోదాయే ఆధారం. 2022 డిసెంబరులో పొడిగించిన యాంటీ డంపింగ్ గడువు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. పొడిగింపు కావాలంటే దరఖాస్తు నెలల ముందే వెళ్లాలి. ‘సుంకం తీసేస్తే డంపింగ్ మళ్లీ వస్తుంది’ అని నిరూపించే భారం పరిశ్రమ మీదే ఉంటుంది.

జిల్లా మిల్లులు ఈసారి ఆ దరఖాస్తులో కనిపించాలంటే ఒక ఫైలు ఇప్పుడే మొదలుపెట్టాలి. విచారణ కాలం, దానికి ముందు మూడేళ్లు కలిపి నెలవారీ ఉత్పత్తి, వస్తువు వారీగా అమ్మకం, టన్నుకు నార, కరెంటు, కూలీ వాడకం. మూతపడిన రోజులు, వాటి కారణం విడిగా: నార లేక, ఆర్డరు లేక, సమ్మె వల్ల, కరెంటు వల్ల. ఇది విడిగా లేకపోతే దిగుమతుల వల్ల వచ్చిన నష్టాన్ని ఇతర కారణాల నష్టం నుంచి వేరు చేయలేదని అధికారి మొత్తాన్ని పక్కన పెడతాడు. ప్రతి పత్రానికీ రెండు ప్రతులు ఉండాలి: రహస్యమైనది ఒకటి, ఎదుటి పక్షానికి ఇచ్చే సారాంశం ఒకటి. సారాంశం ఖాళీగా నక్షత్ర గుర్తులతో నింపితే ఒప్పుకోరు, సూచీ అంకెలైనా ఇవ్వాలి. తుది నిర్ధారణతో, సుంకంతో విభేదిస్తే సెస్టాట్‌కు (కస్టమ్స్ అప్పీలు ట్రిబ్యునల్) అప్పీలు గడువు తొంభై రోజులు.

దిగుమతి చేసుకునే వ్యాపారికి వేరే జాగ్రత్త. రేవుల నోటిఫికేషన్లు వచ్చిన రోజు నుంచే అమల్లోకి వస్తాయి. ముందే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన రసీదు) పడిన సరుకుకు, రద్దు చేయడానికి వీల్లేని ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) తెరిచిన సరుకుకు వెసులుబాటు విదేశీ వాణిజ్య విధానంలో ఉంది. అది ఈ నోటిఫికేషన్‌కు వర్తిస్తుందో లేదో చివరి పేరాల్లో చదవకుండా సరుకు కదిలించవద్దు. నేపాల్, భూటాన్‌లకు వెళ్లే బంగ్లాదేశ్ సరుకుకు ఆంక్ష లేదు, కానీ అక్కడి నుంచి తిరిగి ఇటు పంపకూడదు. ఆ దారిన నార తెప్పిద్దామని సలహా ఇచ్చే ఏజెంటు చేతిలో అడ్వాన్సు పెట్టకండి.

యూనియన్లు, ప్రజాప్రతినిధులు ఇచ్చే వినతిపత్రంలో సుంకం కొనసాగింపును, 5303 మినహాయింపును వేర్వేరు కాగితాల మీద రాయాలి. మొదటిది డీజీటీఆర్‌కు (యాంటీ డంపింగ్ విచారణలు చేసే డైరెక్టరేట్), రెండోది డీజీఎఫ్‌టీకి (రేవుల నోటిఫికేషన్లు ఇచ్చే డైరెక్టరేట్). రెండూ వాణిజ్య శాఖ కిందివే అయినా ఒక కార్యాలయానికి రాసిన విన్నపాన్ని మరో కార్యాలయం తెరవదు. విశాఖ రేవును చేర్చమన్న వాక్యం రెండో కాగితంలో మొదటి లైన్‌గా ఉండాలి.